తెల్లవాళ్లు పోయారు, వాళ్లు గీసిన గడులు ఉన్నాయి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గుంటూరు నుంచి వచ్చి చెన్నై షోలింగనల్లూరులో ఉద్యోగం చేస్తున్నారు. మీ ఇంటి ఓనరు ఏదో మాటల్లో "మీ వడుగర్లు నాయకరాజుల కాలంలో వచ్చి కూర్చున్నారు, తర్వాత ఊరే మాదన్నారు" అన్నాడు. ఆఫీసులో ఇంకో మిత్రుడేమో "కులం, భాష, ఈ గొడవలన్నీ బ్రిటిష్ వాళ్లు పెట్టి పోయినవే" అని తేల్చేశాడు. ఇద్దరిలో ఎవరిది నిజం, ఇప్పటి రాజకీయాల్లో తెల్లవాళ్ల చెయ్యి నిజంగా ఎంత అన్నది మీ ప్రశ్న. 'వడుగర్' అంటే తిట్టా అని చివర్లో ఇంకో ముక్క కూడా అడిగారు.

నేను చరిత్ర పండితుణ్ని కాదు. 34 ఏళ్లు పారిస్ కార్నర్‌లో కూర్చుని పాత దస్తావేజులు చదివి, బ్యాంకులకు లీగల్ ఒపీనియన్ రాసి బతికిన లాయర్ని. మా తాత నెల్లూరు జిల్లా నుంచి బకింగ్‌హామ్ కాలువ మీద పడవలో ఈ ఊరొచ్చాడు. ఒక స్థలం ఎవరిదో తేల్చాలంటే 30 ఏళ్లు వెనక్కి వెళ్లాలి, పేచీ ఉంటే 100 ఏళ్లు వెళ్లాలి. అలా వెనక్కి నడిస్తే దొరలు ఎదురుపడక తప్పదు. నాకు అర్థమైంది ఒక్కటే. గొడవలు చాలావరకు మనవే. వాటిని రిజిస్టర్లకెక్కించి గడులు గీసింది మాత్రం వాళ్లు. ఇవాళ మనం కొట్టుకునేది అసలు గొడవ మీద కంటే ఆ గడుల్లో ఎవరి పేరు ఎక్కడ ఉండాలన్న దాని మీదే ఎక్కువ.

ముందు మీ ఓనరు మాట చూద్దాం. 1639లో ఈస్టిండియా కంపెనీకి ఇక్కడ కోట కట్టుకోమని చోటిచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. చంద్రగిరి నుంచి ఏలుతున్న విజయనగర రాజు కింద సామంతుడు. తన తండ్రి చెన్నప్ప పేరు మీద ఊరికి చెన్నపట్నమని పెట్టించాడు. కాబట్టి నాయకుల కాలంలో తెలుగువాళ్ల అధికారం ఇక్కడ ఉందన్నది నిజమే. అయితే 'వచ్చి కూర్చోవడానికి' అప్పుడక్కడ పట్నం లేదు. మైలాపూరు, తిరువల్లిక్కేణి ఎప్పటివో పాత ఊళ్లు. కోట కట్టిన చోట మాత్రం ఉన్నది ఇసుకే. ఆ ఇసుక మీద కోట పక్కన పుట్టిన బస్తీకి అద్దకం వాళ్లు, నేతగాళ్లు, కోమట్లు, బేరిశెట్లు, తమిళ ముదలియార్లు, మెస్తీలనే పోర్చుగీసు మిశ్రమ సంతతివాళ్లు, అందరూ ఒకేసారి పని వెతుక్కుంటూ వచ్చారు. కంపెనీకి బట్ట సప్లై చేసిన పెద్ద వర్తకుల్లో కాశీ వీరన్న తెలుగువాడు. దొరకు మన మాట, మనకు దొర మాట చెప్పే దుబాసీల్లో తెలుగువాళ్లూ తమిళులూ ఇద్దరూ ఉన్నారు. కమీషను దగ్గర భాషాభిమానం ఎవరికీ అడ్డం రాలేదు.

ఆ బస్తీని తెల్లవాళ్లు బ్లాక్ టౌన్ అన్నారు. ఇప్పటి హైకోర్టు నిలబడ్డ చోటే అది. ఫ్రెంచివాళ్లతో యుద్ధాలయ్యాక, కోట ముందు అడ్డంగా ఇళ్లుంటే ఫిరంగులకు ఇబ్బందని మొత్తం కూల్చేశారు. మళ్లీ ఎవరూ కట్టకుండా 1773లో హద్దురాళ్లు పాతారు. ఆరింటిలో ఒకటి ఇప్పటికీ పారిస్ కార్నర్‌లో డేర్ హౌస్ పక్కన ఉంది. నేను రోజూ దాని పక్కనే టీ తాగేవాణ్ని. అదేమిటో పదేళ్ల దాకా నాకూ తెలియదు. కొత్త బ్లాక్ టౌన్‌కు గోడ కట్టి, దాని ఖర్చు నల్లవాళ్లే పెట్టుకోవాలని పన్ను వెయ్యబోయారు. సెంట్రల్ స్టేషన్ పక్కన వాల్‌టాక్స్ రోడ్డంటున్నామే, ఆ పేరు అక్కడిదే.

ఇక్కడే మీ మిత్రుడి మాట కూడా చూడాలి. బ్లాక్ టౌన్‌లో కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలు అని రెండు వర్గాలుండేవి. పెళ్లి ఊరేగింపు ఏ వీధిలో వెళ్లాలి, పందిరికి ఎన్ని రాటలు వెయ్యాలి అని తలలు పగిలేవి. కోమట్లు, బలిజలు ఒకవైపు, బేరిశెట్లు, కంసాలులు ఇంకోవైపు. అందులో తెలుగు, తమిళం తేడా లేదు. రెండు వైపులా రెండు భాషలవాళ్లూ ఉన్నారు. ఇది కంపెనీ పుట్టకముందు నుంచీ ఉన్న తగువు. 1707లో పెద్ద గొడవ జరిగితే గవర్నరు పిట్ చేసిందేమిటంటే వీధులు పంచడం. కుడిచేతివాళ్లకు పెద్దనాయకన్‌పేట, ఎడమచేతివాళ్లకు ముత్యాలపేట. మధ్యలో రాళ్లు. అంతకు ముందు సర్దుబాట్లకు వీలుండే తగువు, రాయి పాతాక సరిహద్దు తగువైంది. తెల్లవాళ్ల పద్ధతి మొత్తం ఈ ఒక్క సంగతిలో కనిపిస్తుందని నా అభిప్రాయం. వాళ్లకు మన గొడవ అర్థం కాలేదు, అర్థం చేసుకునే తీరికా లేదు. గీత గీస్తే తమ పని సులువవుతుంది.

ఆ గీతలు భూమి మీద పడ్డప్పుడు సంగతి ఇంకా గట్టిపడింది. మౌంట్ రోడ్డు మీద ఐలండ్ గ్రౌండ్స్ దగ్గర జీనూ రికాబూ లేని గుర్రం మీద కూర్చున్న దొర మన్రో. 1800 నుంచి కడప, బళ్లారి వైపు దత్త మండలాల్లో పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్లున్నారు. జమీందారు మధ్యలో లేకుండా రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైతువారీ పద్ధతి అతని పేరు మీదే నడిచింది. పట్టా, అడంగల్, జమాబందీ అని ఇవాళ మనం వాడే మాటలన్నీ ఆ వ్యవస్థలో స్థిరపడ్డవే. తమిళనాడు రెవెన్యూ రికార్డుల్లో ఇప్పటికీ ఫసలీ సంవత్సరం రాస్తారు. క్రీస్తు శకంలోంచి 590 తీసేస్తే వస్తుంది, జులై 1న మొదలవుతుంది. ఫసలీ మొగలాయీలది, దొరలది కాదు. దొర దాన్ని ఫైల్లో పెట్టాడు, మనం ఆ ఫైలు మూయలేదు. ఊరి కరణం దగ్గర లెక్కలుండబట్టి పెత్తనం కూడా అతనిదే అయింది. అది పోవడానికి ఇక్కడ 1980 దాకా, అక్కడ ఎన్టీఆర్ 1984లో రద్దు చేసేదాకా పట్టింది.

మీరు ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) దగ్గర ఉంటున్నారు కాబట్టి ఒక విషయం కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే రేపు మీరు ప్లాటు కొంటారు. 1891లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ పరైయర్ల బతుకు మీద ఒక నివేదిక రాశాడు. భూమి లేదు, ఇంటి స్థలం కూడా భూస్వామి దయ, అప్పుకు మనిషే తాకట్టు అని అందులో ఉంది. దాంతో 1892లో దళితులకు భూములివ్వమని ఉత్తర్వు వచ్చింది. వాటిని పంచమి భూములంటారు. షరతులేమిటంటే పదేళ్లు అమ్మకూడదు, తనఖా పెట్టకూడదు. ఆ తర్వాత అమ్మినా ఆ వర్గం వాళ్లకే అమ్మాలి. కాగితం మీద షరతు ఉంది, ఊళ్లో బలం ఇంకొకరి దగ్గర ఉంది. ఏమైందో మీరు ఊహించగలరు. ఆ భూములు మాకు తిరిగివ్వండని 1994లో మామల్లపురం దగ్గర కారణై జనం చేసిన పోరాటంలో పోలీసు కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. ఇప్పటికీ తమిళనాడు ఎన్నికల్లో ఒక పార్టీ ఇంకో పార్టీని "మీ ఆఫీసు కట్టింది పంచమి భూమిలోనే" అంటుంది.

నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1996లో నెల్లూరు వైపు దంపతులు ఓఎంఆర్ అవతల ఒక ప్లాటు చూసుకుని కాగితాలు నా దగ్గరికి తెచ్చారు. ఈసీ, అంటే స్థలం మీద నమోదైన లావాదేవీల సర్టిఫికెట్, 30 ఏళ్లకు శుభ్రంగా ఉంది. పట్టా ఉంది. నాలుగు చేతులు మారింది, అందరూ రిజిస్టరు చేయించుకున్నవాళ్లే. బాగుందని రాసిచ్చాను. అడ్వాన్సు కట్టాక ఎందుకో మనసొప్పక పాత ఏ-రిజిస్టర్, అంటే ఊరి భూముల మూల రెవెన్యూ రిజిస్టరు, తీయించి చూశాను. సర్వే నంబరు ఎదురుగా, రిమార్కుల గడిలో, వెలిసిపోయిన సిరాతో 'డి.సి.' అని రెండక్షరాలు. డిప్రెస్డ్ క్లాస్. కొన్నవాడు అమ్మలేడు, అమ్మినవాడికి అసలు హక్కు లేదు. అడ్వాన్సులో సగమే వెనక్కొచ్చింది. వాళ్లు నన్ను ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. ఆ రెండక్షరాలు రాసిన గుమాస్తా పోయి 100 ఏళ్లు దాటి ఉంటుంది. అప్పటి నుంచి ఏ-రిజిస్టర్ చూడకుండా నేను ఒక్క ఒపీనియన్ రాయలేదు. మీరూ చూడకుండా కొనకండి.

ఇక కులం గడి. మద్రాసు రాజకీయాలను ఇదే తయారుచేసిందని నా నమ్మకం. 1871 నుంచి జనాభా లెక్కల్లో కులం అడిగారు. అంతకుముందు కులం లేదా అంటే, ఎందుకు లేదు! కానీ ఫలానా కులంవాళ్లు మొత్తం మద్రాసు ప్రెసిడెన్సీలో ఎంతమంది అని ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. లెక్క వచ్చాక పక్కనే ఇంకో లెక్క పెట్టి చూసుకోవచ్చు కదా, ఉద్యోగాల లెక్క. 1916 డిసెంబర్‌లో పిట్టి త్యాగరాయ శెట్టి విడుదల చేసిన బ్రాహ్మణేతర ప్రకటన చేసింది అదే. 140 మంది డిప్యూటీ కలెక్టర్లలో 77 మంది బ్రాహ్మణులు, బ్రాహ్మణేతర హిందువులు 30 మంది. ఈ అంకెలు వాళ్లు కనిపెట్టినవి కావు, సర్కారు తన కోసం పోగుచేసుకున్నవి. దొర శిస్తుకూ నిఘాకూ పెట్టుకున్న గడిని వీళ్లు న్యాయం అడగడానికి వాడుకున్నారు. అందుకే 'బ్రిటిష్ వాళ్లు విడగొట్టారు' అని ఒక్క మాటలో కొట్టేస్తే నాకు ఒప్పుకోవాలనిపించదు. పని చేసినవాడి తెలివిని కూడా దొర ఖాతాలో వేసేస్తాం.

ఇందులో తెలుగువాళ్ల సంగతి మీ ఓనరుకి తెలిసి ఉండదు. త్యాగరాయ శెట్టి దేవాంగుల ఇంటివాడు, ఇంట్లో తెలుగే. మీరు బట్టలు కొనే టీ నగర్ ఆయన పేరే. అక్కడి పానగల్ పార్కు, 1921 నుంచి 1926 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న పానగల్లు రాజా పానగంటి రామరాయణింగారు పేరు. ఆయన ప్రభుత్వమే 1921లో ఉద్యోగాల్లో కులాలవారీ వాటా ఉత్తర్వు తెచ్చింది, దేవాలయాల ఆదాయం మీద సర్కారు అజమాయిషీకి చట్టం చేసింది. త్యాగరాయ శెట్టి అధ్యక్షుడుగా ఉన్న కార్పొరేషనే 1920లో థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం తిండి మొదలుపెట్టింది. త్యాగరాయ శెట్టి, పానగల్లు రాజాల జస్టిస్ పార్టీయే 1944లో సేలంలో ద్రావిడ కళగం అయింది. 1949లో దాన్నుంచి డీఎంకే వచ్చింది. వాటా ఉత్తర్వు మీద నడిచిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1951లో రాజ్యాంగానికి మొదటి సవరణ తెప్పించింది. తమిళనాడులో ఇవాళ ఉన్న 69 శాతం రిజర్వేషన్లకు మూలం వెతికితే ఈ మద్రాసు మనుషుల దగ్గరికే వస్తారు.

అయితే ఆ గడి మనల్ని కూడా వదల్లేదు. ఎగ్మూరు మ్యూజియం సూపరింటెండెంటు తర్‌స్టన్ కొలబద్దతో జనం ముక్కులు కొలిచి, 1909లో దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు వేశాడు. గవరై అంటే బలిజకు తమిళంలో పేరు అని అందులో ఉంది. ఇప్పుడు తమిళనాడు బీసీ జాబితా తీయండి. గవర, గవరై, వడుగర్ అని ఒక పద్దు ఉంది. పక్కనే బ్రాకెట్లో కమ్మ, కాపు, బలిజ, రెడ్డి మినహా అని ఉంది. గవరై బీసీ, బలిజ కాదు. మా తాత దస్తావేజుల్లో బలిజ. మా నాన్న బడి సర్టిఫికెట్లో, చేర్పించిన తమిళ పంతులు పుణ్యమా అని, గవరై. మా అమ్మాయికి సర్టిఫికెట్ కోసం వెళ్తే గుమాస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి "సార్, మీ తాతగారు ఒక కులం, నాన్నగారు ఇంకో కులమా?" అన్నాడు. ఎనిమిది నెలలు తిరిగాను. లాయర్ని నేనే తిరిగితే మామూలు మనిషి గతేమిటి? టెన్షన్ తట్టుకోలేక చివరికి ఓసీలోనే దరఖాస్తు పెట్టించాను.

భాష సంగతికి వస్తే ఇంకా విచిత్రం. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావు, ఇవి వేరే కుటుంబం అని మొదట అచ్చులో నిరూపించింది 1856 నాటి మిషనరీ కాల్డ్‌వెల్ అనుకుంటారు. అంతకు 40 ఏళ్ల ముందే, 1816లో, మద్రాసు కలెక్టరు ఎల్లిస్ ఆ పని చేశాడు. ఎక్కడ రాశాడంటే క్యాంప్‌బెల్ దొర తెలుగు వ్యాకరణానికి ముందుమాటకు జోడించిన వ్యాసంలో. దొరలకు మన భాషలు నేర్పే ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీలో పట్టాభిరామశాస్త్రి లాంటి పండితులు కూర్చోబెట్టి చెబితే అతనికి తెలిసింది. అంటే ద్రావిడ భాషల వాదం లోకానికి తెలిసింది ఒక తెలుగు పుస్తకంలోంచి. 100 ఏళ్లు తిరిగేసరికి ఆ మాట రాజకీయమై, తమిళం చుట్టూ గట్టిపడి, తెలుగువాడు అందులో ఇంటివాడా అతిథా అన్న అనుమానం వచ్చింది.

ప్రెసిడెన్సీ అంటే దొర గెలిచిన ముక్కలన్నీ కలిపి కుట్టిన బొంత. సర్కారు జిల్లాలు ఒకసారి, దత్త మండలాలు 1800లో నిజాం దగ్గర నుంచి, ఆర్కాటు ఇంకోసారి. నిజాం కింద మిగిలింది తెలంగాణ. ఈ కుట్లే తర్వాత విడిపోయాయి. మైలాపూరులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్. 1937 నవంబర్‌లో కోస్తా, సీమ నాయకులు అందులో కూర్చుని రాజధాని లేదా హైకోర్టు, ఏది కావాలో సీమ కోరుకోవచ్చని రాసుకున్నారు. అందుకే 1953లో రాజధాని కర్నూలైంది, 1954లో హైకోర్టు గుంటూరుకొచ్చింది. మూడు రాజధానుల గొడవలో ఆ ఒప్పందం పేరు మీరు టీవీలో వినే ఉంటారు. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబర్ 15న చనిపోయిందీ మైలాపూరులోనే. మద్రాసు మనదే అని మనం, తల ఇచ్చైనా తలనగరం (రాజధాని) కాపాడుకుంటామని తమిళ నాయకుడు మ.పొ.శి. మనుషులు. మా నాన్న ఆ రోజుల్లో దుకాణం బోర్డు మీద తెలుగు అక్షరాలకు గోనెసంచి కప్పేవాడట. మీ ఓనరు మాటలోని కారం నాయకరాజుల కాలానిది కాదు, 1952, 53, ఆ రెండేళ్లది.

తెలుగువాళ్లంటే శెట్లు, రాజాలు, సినిమావాళ్లు అనుకుని అసలువాళ్లను మర్చిపోతాం. చెన్నైలో తెల్లారకముందే రోడ్లు ఊడ్చేవాళ్లలో, కాలువల్లోకి దిగేవాళ్లలో చాలామంది తెలుగు మాట్లాడే అరుంధతీయులు, ఆది ఆంధ్రులు. 1688లో పుట్టిన ఈ కార్పొరేషన్ పెరిగేకొద్దీ చాకిరీ తరతరాలుగా వాళ్ల మీదే పడింది. వాళ్లకు 3 శాతం లోపలి కోటా 2009లో వచ్చింది. మన దగ్గర మాదిగ దండోరా 1994 నుంచి అడిగింది ఇలాంటిదే. 'మద్రాసు మనదే' అన్న రోజుల్లో ఈ జనాన్ని ఎవరూ లెక్కలో వేసుకోలేదు. ఇప్పటికీ తెలుగు సంఘాల ఉగాది సభల్లో వాళ్లు కుర్చీలు సర్దుతూ కనిపిస్తారు.

ఇంగ్లీషు చదువు, రైళ్లు, కోర్టులు గురించి అందరూ రాస్తారు, వదిలేస్తున్నాను.

మీ చివరి ముక్క. 'వడుగర్' తిట్టు కాదు. వడక్కు అంటే ఉత్తరం, ఉత్తరాన ఉండేవాళ్లు వడుగర్. సంగం కాలపు పద్యాల్లోనే ఉంది, పైన చెప్పిన సర్కారు జాబితాలోనూ ఉంది. 'గొల్టి' అంటే మాత్రం తిట్టే, తెలుగును తిరగేసి పుట్టించింది. మీ ఓనరు మొదటి మాట అంటే నవ్వి ఊరుకోండి, వీలైతే టీ నగర్ ఎవరి పేరని అడగండి. రెండో మాట అంటే ఇల్లు మారండి. అద్దె ఒప్పందం కాగితం ఉంటే నాకు పంపండి, అడ్వాన్సు వెనక్కి రావడానికి ఏ క్లాజు పనికొస్తుందో చూసి చెబుతాను.